ఫ్లెక్సీ మీద అక్క బొమ్మ

మా యానాంలో క్రికెట్ చూడని ఇల్లు లేదు. ఫుట్‌బాల్ చూసే ఇల్లు మాత్రం వెతుక్కోవాలి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, వెతికితే దొరికే ఆ రెండు మూడు ఇళ్ళలో మాదొకటి. ఇంగ్లండులో ఒక మోస్తరు ఊరి క్లబ్బు మాది. మాది అంటున్నానే గానీ ఆ ఊరు మేం చూసింది లేదు, ఆ మైదానంలో కాలు పెట్టింది లేదు. అయినా శనివారం వాళ్ళు ఓడిపోతే ఆదివారం మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడరు.

ఈ పిచ్చి మాకు అంటించింది అక్క. నర్సింగ్ చదివేటప్పుడు హాస్టల్లో తన గదిలో ఉన్న ఇద్దరూ మలయాళీ అమ్మాయిలే. వాళ్ళకి అన్నం లేకపోయినా పర్వాలేదు, ఆట ఉండాలి. అక్క మొదట్లో మొహమాటానికి వాళ్ళ పక్కన కూర్చుంది. చదువయ్యేసరికి వాళ్ళని మించిపోయింది. పెళ్ళయ్యాక బావకి అంటించింది. బావకి బస్టాండు దగ్గర ఫ్లెక్సీల షాపు ఉంది కాబట్టి, పుట్టినరోజు ఫ్లెక్సీకో పెద్దకర్మ ఫ్లెక్సీకో వచ్చినవాళ్ళకి బావ అంటించాడు. అలా ఓ పది పన్నెండు మందిమి పోగయ్యాం. ఆడవాళ్ళలో అక్కా నేనూ అంతే. నేను ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని స్కూల్లోనూ అంటారు, ఇంట్లోనూ అంటారు. అబద్ధమేమీ కాదు.

అక్క గల్ఫ్‌లో ఒక దేశంలో నర్సు. ఆ దేశపు గవర్నమెంటు ఆసుపత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని చూసుకునే వార్డులో చాలా ఏళ్ళుగా పనిచేస్తోంది. ఆ పనంటే దానికి ప్రాణం. అరచేతిలో పట్టే పిల్లని ఇంటికి పంపించిన రోజు ఫోన్ చేసి, గోల్ కొట్టినట్టే చెబుతుంది. ఆ దేశం పేరు మాత్రం నేనిక్కడ రాయను. ఎందుకో ముందుకెళ్తే మీకే తెలుస్తుంది.

క్లబ్బు అమ్మకానికి పెట్టారని ఎప్పట్నుంచో వింటూనే ఉన్నాం. ఒకరోజు మధ్యాహ్నం స్టాఫ్ రూములో క్యారేజీ విప్పుతుంటే బావ ఫోన్ చేశాడు.

"కొనేశారమ్మాయ్."

"ఎవరు బావగారూ?"

"మీ అక్కోళ్ళ గవర్నమెంటు."

నాకు ముందు బుర్రకెక్కలేదు. షావుకారు కొంటాడు, కంపెనీ కొంటుంది. ఒక దేశం పోయి పోయి ఫుట్‌బాల్ క్లబ్బుని కొనడమేమిటి? సాయంత్రం షాపుకి వెళ్తే బావ విడమరిచి చెప్పాడు. ఆ దేశంలో నోరెత్తినవాణ్ణి లోపలేస్తారని, బయటి దేశాల నుంచి పనికి వచ్చినవాళ్ళ పాస్‌పోర్టులు పట్టుకుని కూర్చుంటారని లోకమంతా అనుకుంటోంది. రేపట్నుంచి ఆ దేశం పేరు చెబితే జనానికి గోల్సు గుర్తుకురావాలి. అందుకే కొన్నారు. "మనం చప్పట్లు కొట్టిన ప్రతిసారీ వాళ్ళ మసి కొంచెం వదుల్తాదన్నమాట" అన్నాడు. బావ అంత సూటిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. పద్దెనిమిది రంగుల్లో పెళ్ళి ఫ్లెక్సీలు వేసుకునే మనిషి అతను.

అక్క మాత్రం ఆ రోజు ఫోన్‌లో పగలబడి నవ్వింది. "ఒసే, మన సెంటర్ ఫార్వర్డుకీ నాకూ జీతమిచ్చేది ఇప్పుడు ఒకళ్ళేనే. మేమిద్దరం కొలీగ్సు!" అంది. ఆసుపత్రిలో రిజిస్ట్రేషన్ కౌంటరు పక్కన మా క్లబ్బు ఆటగాళ్ళ నిలువెత్తు పోస్టరు పెట్టారట. డ్యూటీకి వెళ్తూ రోజూ దాన్ని చూస్తోందట. హాస్టల్లో మంచం పక్క గోడకి అంటించుకున్న మొహాలు ఇప్పుడు ఉద్యోగంలోకి కూడా వచ్చేశాయని మురిసిపోయింది. నేనూ నవ్వాను. ఆ రోజు నవ్వకూడని విషయమేదీ నాకు కనబడలేదు.

ఆ ఆదివారం అందరం షాపులో కూర్చున్నాం. జెర్సీ రంగు మార్చేస్తారని ఒకరు, క్లబ్బు పేరుకి ముందు వాళ్ళ పేరు తగిలిస్తారని ఇంకొకరు, రేపు ఆ దేశానికీ ఇంగ్లండుకీ చెడితే క్లబ్బుని నడిరోడ్డున వదిలేస్తారని మరొకరు భయపడ్డారు. దరియాలతిప్ప వైపు రొయ్యల చెరువులు చేసుకునే ఒకాయన మాత్రం అడ్డం తిరిగాడు. "ఇన్నాళ్ళూ కప్పు మొహం చూడని క్లబ్బండీ మనది. అన్నం పెట్టేవోడు వచ్చాడు. కళ్ళకద్దుకోక ఏడుస్తారేంటండీ?" అన్నాడు. ఆయన మాటలోనూ నిజముంది. మంచి ఆటగాడు వచ్చిన ప్రతిసారీ ఏడాది తిరక్కుండానే అమ్మేసుకునే క్లబ్బు మాది.

టీలు పట్టుకొచ్చిన బావ వాళ్ళమ్మ, మా అత్తయ్యగారు, ఇదంతా విని మూతి తిప్పింది. "ఫ్రాన్సోళ్ళు పోయినప్పుడు నన్నెవడన్నా అడిగాడేంట్రా? చిన్నపిల్లని. లేచి చూసేసరికి జెండా మారిపోయింది. గోదారి అదే, చేపలూ అవే. ఏం కొంపలంటుకున్నాయి?" అంది.

"కొంపలంటుకోలేదు సరే. ఏ కాగితం కావాలన్నా ఇప్పటికీ పాండిచ్చేరి పోవాలా, అక్కర్లేదా?" అన్నాడు బావ. దూరంగా కూర్చుని ఏలేవాళ్ళ సంగతి యానాం వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. అత్తయ్యగారు టీ గ్లాసులు పంచడంలో పడింది.

చివరికి ఫ్లెక్సీ కడదామన్నారు. మా వైపు సంతోషమైనా దుఃఖమైనా ముందు ఫ్లెక్సీ మీదికి ఎక్కాలి. కొన్నవాళ్ళు మాకొద్దంటూ ఇంగ్లండులో అభిమానులు బ్యానర్లు పట్టుకున్నారు కదా, మనమూ కడితే ఫొటో తీసి వాళ్ళకి పంపొచ్చు అని ఆలోచన. పైన ఇంగ్లీషులో, కింద తెలుగులో రాయాలి. తెలుగు వాక్యం నన్నడిగారు. బావ అప్పటికే "మన క్లబ్బు మనదే" అని కొట్టి పెట్టాడు. నేను ఒప్పుకోలేదు. "మన అంటే వినేవాడు కూడా అందులో ఉన్నట్టు బావగారూ. కొన్నవాడికి చెబుతున్నాం కదా. 'మా క్లబ్బు మాదే' అనాలి" అన్నాను. ఇంగ్లీషువాళ్ళకి ఈ రెండు ముక్కలకీ ఒకటే మాటట, పాపం. అందరూ మెచ్చుకున్నారు. నేను ఇంటికి వెళ్ళిపోయాను. మిగతా డిజైన్ బావ చేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే స్కూటీ మీద స్కూలుకి వెళ్తూ చూశాను. ఫరంపేట మలుపులో, ఆంధ్రా నుంచి పెట్రోలు కొట్టించుకోడానికి వచ్చేవాళ్ళందరికీ కనబడేలా కట్టారు. పైన మా క్లబ్బు గుర్తు, దాని కింద నా వాక్యం. కింద వరసగా మా మొహాలు. ఒక్కో మొహం కింద పేరు, పేరు కింద హోదా. బావ కింద ప్రొప్రయిటర్, నా కింద తెలుగు పండిట్, రొయ్యలాయన కింద ఆక్వా రైతు. అడ్డం తిరిగినవాడు కూడా ఫొటో మాత్రం ఇచ్చాడు. ఇక అందరి మధ్యలో, పెద్ద గుండ్రటి చట్రంలో, చుట్టూ పువ్వులతో అక్క. దాని కింద ఇంగ్లీషులో అక్క పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. ఆ కింద 'ఫౌండర్'. ఆ కింద 'స్టాఫ్ నర్స్, గవర్నమెంట్ హాస్పిటల్' అని రాసి, కామా పెట్టి, ఆ దేశం పేరు.

ఆ ఫొటో అక్క వీసా కోసం తీయించుకున్నది.

స్కూటీ వెనక్కి తిప్పి నేరుగా షాపుకి పోయాను. స్కూలు సంగతి గుర్తులేదు.

"బుద్ధుందా బావగారూ మీకు?" అన్నాను. బావని అలా అనడం అదే మొదటిసారి. ఏమైందమ్మాయ్ అని బావ కంగారుపడ్డాడు. చెప్పాను. ఇంగ్లండులో బ్యానర్లు పట్టుకున్నవాళ్ళు మొహాలకి మఫ్లర్లు చుట్టుకున్నారు. వాళ్ళ దేశంలో వాళ్ళుండి కూడా చుట్టుకున్నారు. మనం అదే మాట అని, కింద అక్క పేరూ, మొహం, పనిచేసే చోటూ అచ్చేసి నాలుగు రోడ్ల మధ్య కట్టాం. ఆ జీతమిచ్చేవాళ్ళు, ఆ వీసా ఇచ్చేవాళ్ళు, ఆవిడ విమానం ఎక్కాలంటే సరేననాల్సినవాళ్ళు, అందరూ ఒక్కరే.

బావ మొహం పాలిపోయింది. కానీ మనిషి వెంటనే ఒప్పుకోడు. "పేరు లేకుండా ఎదురుచెప్పడం దొంగ పనమ్మాయ్. మొహం లేకపోతే అది ఫ్లెక్సీ ఎలా అవుద్ది? అయినా యానాంలో కట్టిన గుడ్డ వాళ్ళు చూస్తారేంటి? మీ అక్క సంతోషిస్తాదనుకున్నాను" అన్నాడు. నిజంగానే అతను ఆవిడకి సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాడు. ఆ క్షణంలో కొట్టాలనిపించింది, జాలీ వేసింది.

యానాంలో కట్టిన గుడ్డ యానాంలోనే ఉంటే పర్వాలేదు. మాలో ఒకరు పొద్దున్నే ఫొటో తీసి ఇంగ్లండు అభిమానుల పేజీకి పంపేశారు. వాళ్ళు దాన్ని పెట్టేశారు కూడా. కింద ఒకటే మెచ్చుకోళ్ళు. ఎక్కడో ఇండియాలో చిన్న ఊళ్ళో వీళ్ళకున్న ధైర్యం చూడండి, మొహాలు కూడా దాచుకోలేదు, మధ్యలో ఆవిడ ఎవరో గాని శభాష్ అని.

అప్పుడే అక్క ఫోన్ చేసింది. డ్యూటీలో ఉండగా అది ఎప్పుడూ చేయదు. బావ స్పీకర్‌లో పెట్టాడు.

"ఏం లేదు, ఊరికే చేశాను" అంది. గొంతు మామూలుగా ఉంది, మరీ మామూలుగా ఉంది. "అక్కడ వానొచ్చేలా ఉందటగా. డాబా మీద గుడ్డలన్నీ తీసి లోపల పెట్టేయండి. పాత గుడ్డలు కూడా. ఒక్కటీ ఉంచొద్దు. తడిస్తే కష్టం."

పెట్టేసింది. బావ షాపు బయటికి వచ్చి ఆకాశంలోకి చూశాడు. ఎండ మండిపోతోంది, మబ్బు ముక్క లేదు. నావైపు తిరిగి, "వానేంటమ్మాయ్?" అన్నాడు. చెప్పాల్సి వచ్చింది. చెప్పగానే షాపులోంచి నిచ్చెన భుజానేసుకుని ఫరంపేట దాకా పరిగెత్తాడు. బండి ఉందన్న సంగతి కూడా మర్చిపోయాడు.

ఫ్లెక్సీ దించేశాం. గుడ్డలు దించడం తేలికే. ఆ ఇంగ్లండు పేజీవాళ్ళకి నేను మెసేజ్ పెట్టాను. ముందు వాళ్ళు, ఇంత గొప్ప ఫొటో తీసేయమంటారేంటి అన్నారు. మా అక్క ఫలానా చోట పనిచేస్తుందని విప్పి చెప్పాల్సి వచ్చింది. పాపం చాలా బాధపడ్డారు. వెంటనే తీసేశారు. తీసేసి, ఒక అభిమాని క్షేమం కోసం ఇండియా ఫొటో తొలగించామని, మా క్లబ్బుని కొన్నవాళ్ళు ఎలాంటివాళ్ళో ఇప్పటికైనా అర్థం చేసుకోండని పెద్ద ప్రకటన పెట్టారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. మొదటి ఫొటో చూడనివాళ్ళు కూడా అదేమిటా అని వెతకడం మొదలెట్టారు. నేను మళ్ళీ బతిమాలితే ఆ ప్రకటన కూడా తీసేశారు. మంచివాళ్ళే. వాళ్ళకి మా ఇంటి భయం తెలియదు, అంతే.

షాపులో అందరూ మాటలు తగ్గించేశారు. రొయ్యలాయన ఒకసారి మాత్రం, "తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని ఇందుకే అంటారండీ" అన్నాడు. నేను ఊరుకోలేదు. "తిన్నిల్లేమిటండీ? మా అక్క వాళ్ళ పిల్లల్ని బతికిస్తోంది, అన్నం కోసం వాళ్ళ వాకిట్లో చెయ్యి చాచలేదు" అన్నాను. ఆయన పాపం తల దించుకున్నాడు. ఆయన మీద కోపం కాదది. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం ఎదురుగా ఉన్నవాడి మీద పడింది.

అప్పటికి అక్క కాంట్రాక్టు ఆఖరికొచ్చింది. ఎప్పుడూ మూడేళ్ళకి పొడిగించేవాళ్ళు, అడగకముందే. ఈసారి కబురు లేదు. ఉద్యోగం పోతే పోతుంది, కాకినాడలో ఏ ఆసుపత్రయినా కళ్ళకద్దుకుని తీసుకుంటుంది. కానీ పాస్‌పోర్టు ఆ ఆసుపత్రి ఆఫీసులోనే ఉంది. అక్కని అక్కడే ఆపేస్తే ఎవరి కాళ్ళు పట్టుకోవాలి? ఎంబసీ నంబరు బావ గోడ మీద రాసుకున్నాడు. అన్నం సగంలో వదిలేసేవాడు. పుట్టినరోజు ఫ్లెక్సీల్లో పేర్లు తప్పులు వేసి తిట్లు తిన్నాడు. అక్క మాత్రం రోజూ ఫోన్‌లో ఏం కూర వండారు, అత్తయ్యకి మోకాళ్ళెలా ఉన్నాయి అని అడిగి పెట్టేసేది. మేమూ ఏం కూరో చెప్పేవాళ్ళం.

చివరికి ఒక రోజు, "ఏడాదికి పొడిగించారు" అంది. మూడేళ్ళు కాదు, ఏడాది. ఎందుకని నేనడగలేదు, అది చెప్పలేదు. బావ మాత్రం ఫోన్ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. "ఛ, ఊరుకోండి" అని అటునుంచి కసిరి, మాట మార్చడానికి కాబోలు, "ఇంతకీ మీ క్లబ్బు మొన్నెలా ఆడింది?" అంది.

మీ క్లబ్బు! అది విన్నాక నాకు ఆ పూట అన్నం సయించలేదు. తెలుగు చెప్పుకునేదాన్ని, ఆ ఒక్క అక్షరం ఎంత దూరం నెట్టిందో నాకు తెలియదా? మాకు ఆట నేర్పిన మనిషి, దాన్ని మా చేతిలో పెట్టేసి పక్కకి తప్పుకుంది. మా పదిమంది వాట్సాప్ గ్రూపులోంచి అప్పటికే వెళ్ళిపోయింది.

ఇంత జరిగినా మేం ఆట చూడటం మానేశామా అంటే, లేదు. డబ్బున్న చెయ్యి పడింది కదా, మా క్లబ్బు గెలవడం మొదలెట్టింది. ఎన్నడూ ఎరగనంతగా గెలిచింది. మొదటి రెండు మూడు ఆటలకి మొహాలు ముడుచుకుని కూర్చున్నాం. నాలుగోదానికి మరిచిపోయి అరిచేశాం. సిగ్గు లేకుండా సంతోషపడ్డాను, ఎందుకు దాచడం? ఆ రాక్షస సంతోషం ఒక నిమిషం ఉండేది, తర్వాత అక్క గుర్తొచ్చేది. కప్పు గెలిచిన రోజున షాపుకొచ్చినవాళ్ళంతా ఫ్లెక్సీ వెయ్యవేంటని బావని అడిగారు. రంగు అయిపోయిందని చెప్పాడు.

ఈ వేసంగిలో అక్క సెలవు మీద వచ్చింది. పాస్‌పోర్టు ఇచ్చారు, విమానం ఎక్కనిచ్చారు, రాజమండ్రిలో దిగింది. కారులో బావ పక్కన కూర్చుని దారి పొడుగునా నిద్రపోయింది. వచ్చిన శనివారం సాయంత్రమే ఆట ఉంది. కనకాలపేటలో వాళ్ళింట్లోనే చూద్దామని నన్ను రమ్మంది. ఇంకెవర్నీ పిలవలేదు. మొదటి సగమంతా చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూనే ఉంది. విరామంలో బావ బజ్జీల కోసం సెంటరుకి వెళ్ళాడు. అత్తయ్యగారు వీధరుగు మీద ఉంది. ఇన్నాళ్ళూ గొంతులో ఉన్న ప్రశ్న అప్పుడడిగాను.

"అసలక్కడేం జరిగిందే?"

అక్క లేచి వీధివైపు కిటికీ వేసింది. టీవీ సౌండు పెంచింది. నా పక్కకి వచ్చి కూర్చుని, చెవి దగ్గరకి వంగి చెప్పింది. మేనేజరు గదికి పిలిచారట. మేనేజరు పక్కన ఇంకొకాయన కూర్చున్నాడు, ఎవరో చెప్పలేదు. చాలా మర్యాదస్తుడట. టీ ఇచ్చాడు. మీకు ఫుట్‌బాల్ ఇష్టమట కదా, నాకూ ఇష్టమే అన్నాడు. మీ ఊరు నది పక్కనట, చాలా బాగుంటుందట అన్నాడు. మీ ఆయన షాపు బాగా నడుస్తోందా అని అడిగాడు. మీ చెల్లెలు టీచరు కదా, ఇంకా అదే స్కూల్లో చేస్తోందా అని అడిగాడు. అన్నిటికీ అవునంది. మంచిది, పిల్లల్ని బాగా చూసుకుంటారని విన్నాను అని లేచాడు. అంతే. ఫ్లెక్సీ మాట ఎత్తలేదు. గట్టిగా కూడా మాట్లాడలేదు.

"దాని తర్వాత ఆ పోస్టరు పక్కనుంచి వెళ్ళలేకపోతున్నానే. వెనక మెట్లెక్కి వార్డుకి పోతున్నాను" అంది.

నాకు నా స్కూలు గేటు కళ్ళముందు కనబడింది. ఆ దేశంలో ఎవరో తెలియని మనిషి నోట నా ఉద్యోగం మాట వచ్చింది. భయం, దాని వెనకే కోపం. ఉండబట్టలేక గట్టిగా అనేశాను.

"ఇంక పోకు అక్కా! ఇక్కడే ఉండిపో. అయినా కిటికీలెందుకు వేస్తున్నావు? ఇక్కడెవరు వింటారు? ఎదురింట్లో రొయ్యలు వలుచుకుంటున్నారు."

అక్క నా నోటి మీద చెయ్యి వేసింది. చిన్నప్పుడు అమ్మ కొడుతుందని తెలిసినప్పుడు వేసేది అలా.

"ఎవరూ వినరని నాకూ తెలుసే. కానీ వార్డులో నా పిల్లలున్నారు, నేను మళ్ళీ వెళ్ళాలి. ఇక్కడ నెల్లాళ్ళు నోరు విప్పి మాట్లాడటం అలవాటైపోతే, అక్కడికెళ్ళాక ఎక్కడో ఒకచోట జారుతుంది" అంది.

రెండో సగం మొదలైంది. వంటింటి వైపు కిటికీ ఇంకా తెరిచే ఉంది. నేను లేచి వెళ్ళి అది వేశాను.